మా బార్బోరా నెత్తురు

ముప్పై ఎనిమిదేళ్ళు నర్సుగా పనిచేశాను. ఒక్కనాడు కూడా ఒకరి నెత్తురు మీద ఇంకొకరి పేరు రాయలేదు. ఈ మాట మొదటే ఎందుకు చెబుతున్నానంటే, నేను అలా రాశానని ఒకావిడ అనుమానపడటంతోనే ఇదంతా మొదలైంది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ రోజు ఆ కోపం రాకపోయి ఉంటే బార్బోరక్క గుట్టు ఆమెతోపాటే మట్టిలో కలిసిపోయేది. అలా పోయినా బాగుండేదని కొన్నాళ్ళు అనుకున్నాను. ఇప్పుడు అనుకోను.

నేను లిథువేనియా పడమటి సీమ అయిన ఈ జెమైతియాకి వచ్చేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. తూర్పున సరస్సుల సీమలో పుట్టినదాన్ని. ఇక్కడ మాట్లాడేది కూడా లిథువేనియన్ భాషేనని బళ్ళో చెప్పారు గానీ, మొదటిరోజు ఒక ముసలాయన నడుం నొప్పి అని మొత్తుకుంటుంటే నేను దగ్గు మందు పోసి పంపాను. మర్నాటి నుంచి సమష్టి క్షేత్రంలో పాలు పితికే ఒకావిడ పొద్దుటి పని అవగానే వచ్చి నా పక్కన నిలబడేది. రోగి చెప్పింది నాకు, నేను చెప్పింది రోగికి అర్థమయ్యేలా విడమరిచేది. ఒక నెలపాటు అలా నిలబడింది. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. ఆవిడే బార్బోరా గెద్విలైతే, అంటే గెద్విలస్ వాళ్ళ ఆడపిల్ల. నాకు ఈ ఊరి మాట నేర్పింది, ఈ ఊరి తిట్లు నేర్పింది, పుల్ల మీగడా వెన్నా కలిపి వేడినీళ్ళలో ఒకసారి, చన్నీళ్ళలో ఒకసారి పెట్టి చెయ్యి నొప్పి పుట్టేదాకా తిప్పే కస్తినిస్ నేర్పింది. నేను చేసింది విరిగిపోతే పారబొయ్యనివ్వకుండా తనే తినేసేది. ఈ ఊళ్ళో నేను మనిషినయ్యానంటే ఆవిడ చలవే.

ఆమెకి తమ్ముడు ఒక్కడే, జెనోనస్. ఆరేళ్ళు చిన్నవాడు. తండ్రిని 1948లో సోవియట్ వాళ్ళు సైబీరియాకి పట్టుకుపోయారు, తిరిగి రాలేదు. తల్లి పెత్రొనేలే ఊపిరితిత్తుల జబ్బుతో పోయేటప్పటికి బార్బోరాకి ఇరవై, వాడికి పద్నాలుగు. రోజుకు మూడు పూటలా పాతిక ఆవుల్ని పితికి వాడిని వడ్రంగం బడికి పంపింది. ఇద్దరు మగవాళ్ళు పెళ్ళాడతామని వచ్చారు. ఇద్దరినీ కాఫీ ఇచ్చి పంపేసింది. ఎందుకక్కా అని నేనొకసారి అడిగితే, ఈ ఇంటి రొట్టె నాకింకా అరగలేదే అని నవ్వేసింది. అర్థం కాని మాటలు ఆమె అప్పుడప్పుడూ అనేది. నేను పట్టించుకోలేదు.

జెనోనస్ మంచి పనివాడయ్యాడు. మా చుట్టుపక్కల దారుల వెంట నిలబెట్టిన ఓక్ సిలువల్లో సగం వాడి చేతివే. భార్య పోయాక అక్క ఇంటి పెరట్లోనే ఇంకో గదిలో ఉండేవాడు. చెయ్యి ఎంత మంచిదో నోరు అంత పెద్దది. గెద్విలస్ వంశం గురించి ఎత్తాడంటే ఇక ఆ పూట వంట మాడాల్సిందే.

అలాంటివాడి దగ్గరికి విల్నియస్ నుంచి ఆ డాక్టరమ్మ వచ్చింది. పదేళ్ళ కిందటి మాట ఇది. పేరు వైవా, సన్నగా చలికి వణుకుతూ ఉండేది. బాల్టిక్ జనం ఎక్కడి నుంచి వచ్చారో నెత్తురులో వెతికే పని వాళ్ళది. తాతలూ అమ్మమ్మలూ నలుగురూ ఈ సీమలోనే పుట్టినవాళ్ళు యాభై మంది కావాలంది. నేను అప్పటికే పింఛను తీసుకుంటున్నాను. అయినా ఈ ఊళ్ళో ఎవరి నరం ఎక్కడుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు కదా. పేర్ల జాబితా రాసే పనీ, నెత్తురు తీసే పనీ నాకే అప్పగించారు.

ముందు సాంస్కృతిక భవనంలో అందరినీ కూర్చోబెట్టి ఆమె విషయం చెప్పింది. మంచు కరిగాక ఈ తీరానికి వేటగాళ్ళూ చేపలు పట్టేవాళ్ళూ వచ్చారట. వాళ్ళ పాలు యూరప్‌లో చాలామందిలో పలచబడిపోయినా మనలో మాత్రం ఇంకా చిక్కగా ఉందట. తర్వాత దక్షిణాన గడ్డి మైదానాల నుంచి పశువుల్ని తోలుకుంటూ కొందరు వచ్చారు, మన భాషకు మూలం వాళ్ళ మాటేనట. ఇంకా తర్వాత తూర్పు నుంచి, సైబీరియా వైపు అడవుల నుంచి వచ్చిన మగవాళ్ళ వరస ఒకటి కలిసింది. ఇవాళ మన మగవాళ్ళు పదిమందిలో నలుగురు ఆ వరసలోవాళ్ళేనట, ఫిన్లండు వాళ్ళ మాదిరి.

సైబీరియా మాట వినగానే హాలంతా సద్దుమణిగింది. వెనక వరసలో తేనెటీగలు పెంచే ముసలాయన గొంతు సవరించుకుని, "అయితే స్టాలిన్ మనల్ని పంపింది పుట్టింటికేనన్నమాట" అన్నాడు. పగలబడి నవ్వారు. అయినా సైబీరియా నుంచి తిరిగి రానివాళ్ళు లేని కుటుంబం ఆ హాల్లో పెద్దగా లేదు.

జెనోనస్‌కి మాత్రం వేటగాళ్ళ ముక్క ఒక్కటే చెవికెక్కింది. మర్నాటికల్లా వాడూ వాడి అక్కా మంచు కాలం నాటివాళ్ళైపోయారు. ఫలితాలు నవంబరులో ఉత్తరాల్లో వస్తాయని డాక్టరమ్మ చెప్పింది కదా, అవి గోడకు తగిలించడానికి వాడు రెండు ఓక్ చట్రాలు ముందే చేసి పెట్టాడు. నిజానికి ఇంటికొకరే చాలని డాక్టరమ్మ అంది. కానీ నా జాబితా నలభై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. ఈ ఊళ్ళో గెద్విలస్ వాళ్ళకంటే పాతవాళ్ళెవరున్నారు, బార్బోరా మాటకంటే అచ్చమైన జెమైతియా మాట ఎవరిదని, ఆమె పేరు కూడా ఎక్కించేశాను. ఆమె రెండుసార్లు వద్దంది. నేనూ జెనోనస్ కలిసి ఊపిరాడనివ్వలేదు. ముసలిదాని నెత్తురులో చక్కెర తప్ప ఏముంటుందే అంటూ చివరికి చెయ్యి చాపింది.

అక్టోబరు మూడో వారంలో డాక్టరమ్మ ఫోన్ చేసింది. చాలా మర్యాదగానే అడిగింది. గెద్విలస్ వాళ్ళ ఇంటి నుంచి వచ్చిన రెండు గొట్టాల్లో ఒకటి వేరే ఇంటిదేమో, పేర్లు అంటించేటప్పుడు పొరపాటు జరిగిందేమో ఒకసారి చూడమంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ వయసంత ఉంది నా సర్వీసు అన్నాను. ఫోన్ పెట్టేసి, కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా బార్బోరక్క ఇంటికి వెళ్ళాను.

ఆమె వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. నేను గుమ్మంలోంచే మొదలుపెట్టాను. నా చేతి పని మీద అనుమానమా, అక్కాతమ్ముళ్ళ నెత్తురు కలవలేదట, మళ్ళీ తీసి పంపుతాను, అప్పుడు తెలుస్తుంది ఆ పిల్లకి అని ఊపిరి తిప్పుకోకుండా వాగాను. ఆమె కత్తి కింద పెట్టింది. చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"నువ్వు పేర్లు తారుమారు చెయ్యలేదు స్తెఫా," అంది. "మారిన పేరు నాదే."

కూర్చుని విన్నాను. ఆమె పుట్టింది సముద్రం ఒడ్డున జర్మన్ల పాత నగరం కరాలియౌచియుస్ అవతల, ఒక జర్మన్ల ఊళ్ళో. యుద్ధం అయ్యాక ఆకలికి తల్లీ, చంటి చెల్లీ పోయారు. లిథువేనియాలో రొట్టె దొరుకుతుందని పెద్దపిల్లలెవరో అంటే వాళ్ళతోపాటు గూడ్సు బండి ఎక్కింది. అప్పుడు ఆరేళ్ళు. ఇలా వచ్చిన పిల్లలు ఆ రోజుల్లో మా గుమ్మాలన్నిటి ముందూ నిలబడ్డారు. వాళ్ళని ఇంట్లో పెట్టుకోవడం అప్పటి సోవియట్ సర్కారు లెక్కలో నేరం. పెత్రొనేలే తలుపు తీసి, ఏమీ అడగకుండా వేడి పాలల్లో రొట్టె ముక్కలు వేసి పెట్టిందట. పొయ్యి పక్క మంచం మీద తన కూతురి పక్కనే పడుకోబెట్టింది. ఆ కూతురు బార్బోరా, ఏడేళ్ళది.

రెండు నెలలు ఇద్దరూ ఒక దుప్పట్లో పడుకున్నారు. జనవరిలో గొంతువాపు జబ్బు ఇద్దరికీ వచ్చింది. ఈ పిల్ల బతికింది, ఆ పిల్ల బతకలేదు. పెత్రొనేలే ఆ చావును ఎక్కడా రాయించలేదు. రాయిస్తే ఈ పిల్లకి కాగితం ఉండదు. కాగితం లేని జర్మన్ పిల్లని ఎవరైనా వచ్చి లాక్కుపోవచ్చు. కూతురి పుట్టిన కాగితం తీసి ఈ పిల్ల మెడలో కట్టినంత పని చేసింది. అప్పటికి జెనోనస్ ఇంకా తప్పటడుగులవాడు. పొలాల మధ్య ఒంటరి ఇల్లు. తెలిసిన ఒక్క పొరుగు కుటుంబమూ నోరు మూసుకుంది, తర్వాత ఎటో వెళ్ళిపోయింది.

నాకు ఈ ఊరి మాట నేర్పింది ఒక జర్మన్ పిల్ల అని అప్పుడు వెలిగింది నాకు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"జెనోనస్‌కి చెప్పకే," అంది. "నాకు వాడు తప్ప ఎవరూ లేరు."

ఆ మాటతో నా నవ్వు చచ్చిపోయింది. నవంబరులో ఉత్తరం వస్తుంది. వాడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. చట్రాలు చేసుకుని మరీ కూర్చున్నాడు.

మర్నాడు డాక్టరమ్మకి ఫోన్ చేశాను. తప్పు జరగలేదు, బార్బోరా గొట్టం లెక్కలోంచి తీసెయ్యమని మాత్రమే చెప్పాలనుకున్నాను. కానీ నా నోట్లో నువ్వుగింజ నానదు. సముద్రం వైపు నుంచి వచ్చిన పిల్ల అని అనేశాను. ఆమెకి అర్థమైపోయింది. గొంతు మెత్తబడింది. ఆ వైపు జనంలో చాలామంది పాత ప్రష్యన్ల సంతతి, ఆ ప్రష్యన్లు మన బాల్టిక్ జాతివాళ్ళే, జర్మన్ మాట వాళ్ళకి తర్వాత వచ్చింది, కాబట్టి ఆమె నెత్తురు మనకి అంత దూరం కాకపోవచ్చు అంది. నేను ఎగిరి గంతేసినంత పని చేసి, ఆ మాట బార్బోరక్కకి మోసుకెళ్ళాను. చూశావా, నువ్వు మా మనిషివేనట అన్నాను.

ఆమె చాలా నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది. "వద్దే. ఆ చుట్టరికం నాకొద్దు. నేను జర్మన్ పిల్లని, ఆకలేసి వచ్చా. అమ్మ నా నెత్తురు చూసి పెట్టలేదు. ఇప్పుడు మేం కూడా మీవాళ్ళమే అంటే ఆవిడ పెట్టిన రొట్టెకి విలువేముంది?"

నాకు సిగ్గేసింది. అక్క ఉత్తరం రాకపోతే జెనోనస్ ఊరుకోడు కాబట్టి, అప్పుడు నాకు తోచిన ఒక్క దారీ చెప్పాను. పేర్లు తారుమారు చేసింది నేనేనని జెనోనస్‌తో అంటాను, ఊరందరి ముందూ అంటాను, వయసు మీద పడి చూపు ఆనలేదంటాను. ఆ మాట అనడానికి నాకెంత కష్టమైందో దేవుడికి తెలుసు. ఆమె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆలోచిస్తానంది. రెండు రోజుల తర్వాత పొద్దున్నే వచ్చింది.

"ఒకళ్ళ పేరు తీసుకుని బతికాను, అది చాలు స్తెఫా. నీ పేరు కూడా పాడుచెయ్యలేను. నేనే చెప్తా వాడికి. నువ్వు పక్కన నిలబడు, అంతే."

నవంబరు మొదట్లో చనిపోయినవాళ్ళ పండుగ వేలినేస్ వస్తుంది. దానికి వారం ముందు శనివారం సమాధులు శుభ్రం చేయడానికి జెనోనస్ మా ఇద్దరినీ కారులో తీసుకెళ్ళాడు. వాళ్ళ పాత ఇల్లు ఉన్న పొలాల మధ్య చిన్న శ్మశానం, పాతిక సమాధులు కూడా ఉండవు. వాడు తాతల సమాధి మీద ఆకులు ఊడ్చాడు, తల్లి సమాధి మీద ఊడ్చాడు. తర్వాత కంచె పక్కన లైలాక్ పొద కిందికి వెళ్ళాడు. అక్కడ సిలువ లేదు, కొద్దిగా ఉబ్బిన నేల ఉంది. ఎవరూ లేనివాళ్ళ కోసం అక్కడొక దీపం పెట్టాలని చిన్నప్పుడే తల్లి చెప్పిందట. ఏటా పెడుతూనే ఉన్నాడు.

వాడు అక్కడ ఆకులు ఊడుస్తుండగా ఆమె చెప్పింది. వినేవాడికి అందేట్టు, ఒకదాని తర్వాత ఒకటి, ఏదీ దాచకుండా చెప్పింది. మొదట వాడు పరాచకమనుకుని నవ్వబోయాడు. తర్వాత నా మొహం చూశాడు. చీపురు మీద బరువు వేసి నిలబడ్డాడు.

"ఎన్నేళ్ళు తనకి?" అన్నాడు.

"ఏడు."

"నాన్నకి తెలుసా?"

"గొయ్యి తవ్వింది నాన్నే."

వాడు చీపురు కంచెకి ఆనించి రోడ్డు పట్టుకుని వెళ్ళిపోయాడు. వెనక్కి చూడలేదు. కారు అక్కడే, తాళం కారులోనే. మా ఇద్దరికీ నడపడం రాదు. నాలుగు కిలోమీటర్లు నా మోకాళ్ళతో, ఆమె డెబ్భై అయిదేళ్ళతో నడుచుకుంటూ ఇల్లు చేరాం. దారిలో నేను వాణ్ణి నాకొచ్చిన జెమైతియా తిట్లన్నీ తిట్టాను. ఆమె మాత్రం వాణ్ణి ఒక్క మాటా అనలేదు. తప్పు నాదే, వాడు మోసపోయాడంది.

ఆ వారం వాడు పెరటి గదిలోంచి వచ్చి ఆమె గుమ్మం తొక్కలేదు. షెడ్డులోంచి రంపం చప్పుడు వినిపించేది, ఆగేది, మళ్ళీ వినిపించేది. నేను వేడి దుంపలూ కస్తినిస్ తీసుకెళ్తే తలుపు సగం తీసి, ఇప్పుడు కాదు నర్సమ్మా అని మూసేశాడు. కళ్ళు వాచి ఉన్నాయి. బార్బోరక్క ఇంట్లో చూస్తే సంచీలో బట్టలు మడిచి పెట్టుకుంటోంది. రెండు గౌన్లు, ఒక స్వెట్టరు, ఉన్ని మేజోళ్ళు. ఇల్లు గెద్విలస్ వాళ్ళది, వాడు చెప్పేదాకా ఉండటం మర్యాద కాదట. నేను సంచీ లాక్కుని బట్టలన్నీ మళ్ళీ బీరువాలో కుక్కాను. నాలుగు దులుపుదామని నోరు తెరిస్తే ఆమె ముఖంలో కోపమూ లేదు, దిగులూ లేదు.

"అరవై తొమ్మిదేళ్ళు పెట్టారే," అంది. "పొమ్మన్నా నాకేం బాకీ లేరు. గూడ్సు బండిలో నాతో వచ్చినవాళ్ళలో ఎంతమందికి ఒక్క పూటయినా దొరికిందో."

వేలినేస్ రోజు మధ్యాహ్నం రెండింటికి వాడు వచ్చాడు. పొరుగువాళ్ళ ట్రాక్టరు వెనక ట్రైలరులో దుప్పటి కప్పిన పెద్ద దూలం ఏదో ఉంది. మా ఇద్దరినీ ఎక్కమన్నాడు. శ్మశానంలో లైలాక్ కింద గొయ్యి అప్పటికే తవ్వి ఉంది. దుప్పటి తీస్తే కొత్త ఓక్ సిలువ. ముగ్గురం కలిసి నిలబెట్టాం. వాడే మట్టి తొక్కి గట్టిపరిచాడు.

సిలువ మీద చెక్కిన అక్షరాలు ఇవి: బార్బోరా గెద్విలైతే, 1939–1947.

బార్బోరక్క దగ్గరికి వెళ్ళి ఆ పేరు మీద చెయ్యి వేసింది. చాలాకాలం వాడుకుని తిరిగి ఇచ్చేసిన వస్తువు మీద వేసినట్టు వేసింది. థాంక్స్ అంది, పెద్దగానే అంది, ఆ పిల్లతోనే అంది.

జెనోనస్ సిలువ కింది భాగం వైపు చూస్తూ మాట్లాడాడు. "నాకింకో అక్క ఉందని తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది. తన కోసం ఏడవడానికి వారం పట్టదా? నువ్వేదో అనుకుని సంచీ సర్దావట, నర్సమ్మ వీధంతా చెప్పుకొస్తోంది."

నేను నేల చూశాను. అప్పుడు కనిపించింది. పేరు కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరస ఉంది. ‘పెట్టినవారు: తమ్ముడు జెనోనస్, చెల్లెలు’ అని ఉంది. ఆ తర్వాత నున్నటి చెక్క.

"ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయా," అన్నాడు. "తనకంటే నువ్వు ఏడాది చిన్నదానివి. చెల్లెలివే అవుతావు. ఏం పేరు చెక్కాలో నాకు తెలీదు."

ఆమె అరవై ఎనిమిదేళ్ళుగా ఆ పేరు ఎవరి దగ్గరా పలకలేదు. తనలో తానైనా పలికిందో లేదో నాకు తెలియదు.

"హన్నెలోరె," అంది.

వాడికి సరిగ్గా వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. ఈసారి గట్టిగా చెప్పింది. వాడు జేబులోంచి పెన్సిలు తీసి, నాలుక మీద తడి చేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని చెక్క మీద ఒక్కో అక్షరం గీసుకున్నాడు. గీసింది సరేనా అన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆమె తలూపింది. వాడు ఉలి ఆనించి, వెనక్కి చెయ్యి చాపాడు.

"అక్కా, ఆ సుత్తి ఇలా ఇయ్యి."